గీత గీసే ముందు గల్లీ తిరిగినాయన

ఉస్మానియా యూనివర్సిటీ అనంగనే మనకు ఆర్ట్స్ కాలేజీ యాదికొస్తది. ఆ మెట్ల మీద కూసొని తెలంగాణ కోసం కొట్లాడిన పోరగాళ్లు యాదికొస్తరు. పొద్దుగాల నడవనీకి పోయేటోళ్లకైతే ఆ చెట్లు, ఆ సల్లగాలి యాదికొస్తయ్. గని ఆ జాగను ఎట్ల ఎంచుకున్నరు, ఎవలు తిరిగి జూసిన్రు అనేది మనల చానామందికి ఎరుక లేదు. 1918ల పుట్టిన యూనివర్సిటీకి మొదట్ల సొంత క్యాంపస్ లేకుండె. అబిడ్స్, గన్‌ఫౌండ్రీ దిక్కున్న బిల్డింగులల్ల క్లాసులు నడిచేటియి. పక్కా జాగ జూసి చెప్పమని నిజాం సర్కారు ఇద్దర్ని పిలిచింది. ఒకాయన ఎడ్విన్ జాస్పర్, బిల్డింగుల నక్షాలు గీసేటాయన. ఇంకొకాయన డెబ్బై ఏండ్లకు దగ్గరబడ్డ ఒక గడ్డపు ముసలాయన. ఈయన జాగలన్ని తిరిగి జూసి 1923ల రిపోర్టు ఇచ్చిండు. ఆయన పేరు పాట్రిక్ గెడెస్.

ఎప్పుడో పోయిన స్కాట్లాండ్ దొర ముచ్చట ఇప్పుడెందుకు అంటరా? మన పట్నం ఇప్పుడు మల్ల నక్షాల మీద ఉన్నది. మాస్టర్ ప్లాన్లు మారుతున్నయ్, జోన్లు మారుతున్నయ్. నిన్న జొన్న పండిన కాడ ఇయ్యాల ముప్పై, నలభై అంతస్తులు లేస్తున్నయ్. రోడ్డు వెడల్పుకు ఒక ఎర్రగీత గీస్తే దాని కింద ఇండ్లు పోతున్నయ్, చెట్లు పోతున్నయ్. ఎందుకు అని అడిగినోళ్లను అభివృద్ధికి అడ్డం అంటున్నరు. అటుపక్క, తమ ఇంటి ముంగట ఒక్క ఇటుక పెట్టినా ఒద్దనేటోళ్లు సుత ఉన్నరు. వాళ్లకు ఇల్లున్నది, నీడున్నది. బతకనీకి పట్నం వచ్చేటోళ్లకు రెండూ లేవు.

ఈ రెండు మొండితనాల నడుమ ఒక తొవ్వ ఉన్నదని చెప్పినోడు గెడెస్. చెప్పుడు ఒక్కటే గాదు, ఊరూరు తిరిగి రూపాయి పైసల లెక్కతోని చూపెట్టిండు. అందుకే ఆయన బతుకు మనం తెలుసుకోవాలె.

తోటల నుంచి చీకటి గదికి

గెడెస్ పుట్టింది 1854 అక్టోబర్ 2న, స్కాట్లాండ్‌ల బాలటర్ అనే ఊర్ల. పెరిగింది పెర్త్ పట్నం కాడ. తండ్రి ఫౌజుల కొలువు జేసిండు. ఇంటెనుక తోట, తోట దాటితే గుట్ట. చిన్నప్పుడే తండ్రితోని కలిసి మొక్కలు నాటుడు, కూరగాయలు పండించుడు నేర్చుకున్నడు. సదువైనంక బ్యాంకుల కొన్నొద్దులు కొలువు జేసిండు. మనసు వట్టలే. ఎడిన్‌బరో యూనివర్సిటీల చెట్ల శాస్త్రం సదువుదామని పోయిండు. ఎండిన ఆకులను కాగితం మీద అంటిపెట్టి పేర్లు రాసుకునే సదువు అది. వారం తిరగక ముందే ఇడిసిపెట్టిండు. లండన్‌కు పోయి థామస్ హక్స్‌లీ దగ్గర జీవశాస్త్రం సదివిండు.

1879ల మెక్సికోకు పోయిండు. ఆడ కండ్లకు జబ్బొచ్చింది. చూపు పోతదేమో అన్న భయంతోని డాక్టర్లు వారాల తరబడి చీకటి గదిల ఉంచిన్రు. ఏం జూడనీకి లేదు, రాయనీకి లేదు. కిటికీ అద్దాల చట్రాన్ని చేతులతోని తడుముకుంట కూసున్నడు. ఒక్కో అద్దాన్ని ఒక్కో విషయం అనుకొని, దేనికి దేనితోని సంబంధం అని మనసుల గళ్లు గీసుకున్నడు. తర్వాత చూపొచ్చింది గని మైక్రోస్కోప్‌ల గంటల కొద్ది జూసే పనికి ఆ కండ్లు తట్టుకోలేదు. గళ్లు గీసుకొని ఆలోచించే అలవాటు మాత్రం సచ్చేదాక పోలేదు.

ఆ గళ్లల్ల ముఖ్యమైనయి మూడు: జాగ, పని, మంది. ఫ్రాన్స్‌ల లె ప్లే అనే పెద్దమనిషి ఆలోచనల కెల్లి ఇవి తీసుకున్నడు. జాగ ఎట్లున్నదో దాన్ని బట్టి పని, పనిని బట్టి మంది, మందిని బట్టి మల్ల జాగ. చెట్టును ఒక్కదాన్నే జూడొద్దు, దాని కింద కూరగాయలమ్మే అవ్వను జూడాలె. బస్తీని ఒక్కదాన్నే జూడొద్దు, ఆ బస్తీల ఆడోళ్లు నీళ్లు దెచ్చుకునే బాయిని జూడాలె. ఒకదాన్ని పీకితే మూడూ కదులుతయ్. పట్నాల మీద ఆయన రాసినయన్ని ఈ మాట చుట్టే తిరుగుతయ్.

మురికివాడల కాపురం

1886ల ఆనా మోర్టన్‌ను పెండ్లి జేసుకున్నడు. ఎడిన్‌బరోల అప్పటికే ఊరు రెండు ముక్కలైంది. పైసలున్నోళ్లు కొత్త పట్నం కట్టుకొని పోయిన్రు. పాత పట్నంల ఎత్తు ఎత్తు బిల్డింగులల్ల ఒక్కో గదికి ఒక్కో కుటుంబం, వెలుతురు లేదు, గాలి లేదు, కంపు. చదువుకున్న ఈ జంట మంచి ఇల్లు ఇడిసిపెట్టి ఆ పాత పట్నంల జేమ్స్ కోర్ట్ అనే వాడల కాపురం పెట్టిన్రు.

పోయి ఉపన్యాసాలు చెప్పలేదు. చీపురు వట్టిన్రు. సున్నమేసిన్రు. కిటికీల కాడ పూలకుండీలు పెట్టిన్రు. పక్కింటోళ్లు జూసి వాళ్లు సుత మొదలుపెట్టిన్రు. కూలిపోయేటట్టున్న ఒక్క గోడ తీసేస్తే నాలుగు ఇండ్లకు ఎండ వస్తదంటే ఆ ఒక్క గోడనే తీసిన్రు. బాగుజేయగలిగిన ఇండ్లను బాగుజేసిన్రు. యూనివర్సిటీ పోరగాళ్ల కోసం ఆ వాడలనే హాస్టళ్లు వెట్టిన్రు. పాత పట్నంల కోట కాడ ఉన్న ఒక పాత బురుజును 1892ల చేతికి తీసుకొని ‘అవుట్‌లుక్ టవర్’ అని పేరు పెట్టిండు. పైకెక్కితే ఊరంత కనిపిస్తది. కిందికి దిగుతుంటే అంతస్తుకొక కాడ ఆ ఊరు, ఆ దేశం, ఈ లోకం గురించి బొమ్మలు, పటాలు. ఊరును పైకెల్లి జూడుడు ఎంత అవసరమో దిగి తిరుగుడు సుత అంతే అవసరమని జనానికి నేర్పే బడి అది.

ఆ టవర్ మనుషులు పాత పట్నంల ఖాళీ జాగలు లెక్కబెట్టిన్రు. జాగనే లేదనుకున్న ఇరుకు వాడల 70కి పైగా చిన్న చిన్న తునకలు దొరికినయ్. అన్ని కలిపితే సుమారు 10 ఎకరాలు. కూలిన ఇంటి జాగ, చెత్త పోసే మూల, రెండు గోడల నడుమ సందు. వాటిల్ల కొన్నిటిని తోటలు జేసి బస్తీ పిల్లలకు ఇచ్చిన్రు. ఆ తోటల పనిల ఆయన బిడ్డ నోరా ముందున్నది. జాగ లేదు అని ఆఫీసుల కూసొని చెప్పేటోళ్లకు ఇదే జవాబు: తిరిగితే దొరుకుతది.

ఈ పనులకు పైసలు ఒడిసిపోయి అప్పుల పాలైండు. డండీల చెట్ల శాస్త్రం ప్రొఫెసర్ కొలువు ఉండబట్టి కుటుంబం గడిచింది. ఆ కొలువు సుత ఎండకాలం మూడు నెలలే పాఠాలు, మిగతా ఏడాదంత తిరుగుడు.

మునిగిన ఓడ, మద్రాసు తొవ్వ

1914ల మద్రాసు గవర్నర్ లార్డ్ పెంట్‌లాండ్ పిలుపు మీద గెడెస్ మనదేశానికి బయలెల్లిండు. అప్పటికి అరవై ఏండ్లు. పట్నాల గురించి ఎన్నో ఏండ్లు కూడబెట్టిన నక్షాలు, బొమ్మలు, ఫొటోలు ‘క్లాన్ గ్రాంట్’ అనే ఓడల ఎక్కించిండు. మొదటి ప్రపంచ యుద్ధం షురువైంది. సెప్టెంబర్‌ల మద్రాసు మీద గుండ్లు పేల్చిన ఎమ్‌డెన్ అనే జర్మనీ యుద్ధనౌక, అక్టోబర్‌ల ఈ ఓడను ముంచేసింది. బతుకంత జమజేసిన సామాన్లు సముద్రం పాలైనయ్. ఆయన తల వట్టుకొని కూసోలేదు. దోస్తులు కొత్తగ నక్షాలు జమజేసి పంపిన్రు, 1915 జనవరిల మద్రాసుల ఆ ప్రదర్శన జరిగింది.

అప్పటి మన పట్నాల సంగతి జూడాలె. 1896ల బొంబాయిల ప్లేగు వచ్చింది. రెండేండ్లకు బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ పుట్టింది. రోగమున్న ఇండ్లు కూలగొట్టాలె, వెడల్పు రోడ్లు తియ్యాలె అన్నది వాళ్ల తొవ్వ. ఇండ్లు కూలినయ్. ఆ ఇండ్లల్ల ఉన్న కూలోళ్లు మాయమైతరా? పక్క చాల్‌లల్లకు పోయి ఇరుకున్న కాడ ఇంకింత ఇరుకు జేసిన్రు, కిరాయిలు పెరిగినయ్. ఒక కాడ మురికి తీసి ఇంకో కాడ పోసినట్టైంది. మన హైదరాబాద్‌ల సుత 1908 మూసీ వరద తర్వాత, 1912ల సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టిన్రు. దేశమంత అప్పుడు కొలబద్ద వట్టుకొని సక్కటి రోడ్లు గీసే కాలం.

గెడెస్ ఆ కాలానికి ఎదురు వడ్డడు. ఊరికి పోంగనే ఆఫీసుకు పోకుండ గల్లీలకు పోయేటోడు. మున్సిపాలిటీ నక్షా చేతుల వట్టుకొని గంటల కొద్ది తిరుగుతుండె. ఏ ఇల్లు గట్టిగున్నది, ఏది కూలిపోతది, బాయి యాడున్నది, గుడి యాడున్నది, ఏ చెట్టు కింద మంది కూసుంటరు, పిల్లలు యాడ ఆడుకుంటరు అని గుర్తువెట్టుకునేటోడు. ముందు సర్వే, తర్వాతనే ప్లాన్ అనేది ఆయన పట్టు. రోగిని ముట్టుకొని జూడకుండ మందు రాసిచ్చే డాక్టర్‌ను మనం నమ్ముతమా?

డాక్టర్ పోలికనే ఆయన సుత వాడుకున్నడు. ఆయన పద్ధతికి పెట్టుకున్న పేరు ‘కన్సర్వేటివ్ సర్జరీ’. కాలికి పుండైతే పుండును కోసి కాలును కాపాడుడు అన్నట్టు. తంజావూరు లాంటి ఊర్లల్ల ఇంజినీర్లు ఇండ్ల నడుమకెల్లి సక్కటి రోడ్డు గీసిన్రు. ఈయన అదే వాడ తిరిగి, కూలిపోయిన ఇండ్ల జాగలు, ఖాళీ మూలలు కలుపుకుంట జర వంకర తొవ్వ గీసిండు. గాలి వస్తది, బండి పోతది, కూలే ఇండ్లు కొన్నే. ఖర్చు ఇంజినీర్ల లెక్కల ఒక చిన్న భాగమే. పానం కదిలించే మాటలు చెప్తే ఆఫీసర్లు ఇనరని ఆయనకు ఎరుకే. అందుకే పక్కపక్కన రెండు లెక్కలు వెట్టేటోడు.

చెట్టు కావలి, చెరువు కాపు

మన ఎండల సంగతి ఆ సలిదేశం మనిషికి బాగ అర్థమైంది. అక్కెరకు మించి వెడల్పు రోడ్డు ఏస్తే దుమ్ము, ఉడుకు తప్ప లాభం లేదన్నడు. ఎడ్లబండి తిరగని ఇంటి గల్లీకి పెద్ద రోడ్డు దేనికి? ఇరుకు గల్లీల నీడుంటది. పెద్ద తొవ్వలు పెద్ద రాకపోకలకు ఉండాలె, గల్లీలు గల్లీల లెక్క ఉండాలె.

ఇండ్ల నడుమ దొరికిన ఖాళీ జాగల చెట్లు పెట్టమని ఊరూర్ల చెప్పిండు. ఇందుల నీడ ఒక్కటే లేదు, ఇంకో ఉపాయం ఉన్నది. ఖాళీగ ఉన్న జాగను ఎవలో ఒకలు కబ్జా వెడతరు. చెట్టు పెట్టి, దాని చుట్టు గద్దె కడితే ఆ జాగ పదిమందిదైతది. ఆడ ముసలోళ్లు కూసుంటరు, పిల్లలు ఆడతరు. కబ్జా వెట్టొస్తే వాడంత లేస్తది. కాగితాల మీద ఎన్ని రూల్స్ ఉన్నా, కావలి కాసేది ఆ చెట్టే. మన ఊర్లల్ల రావిచెట్టు కింది గద్దె మీద పంచాయితీ ఎందుకు కూసుంటదో మనకు ఎవలూ చెప్పనక్కర లేదు.

చెరువుల విషయంల సుత ఆయన అప్పటి ఆఫీసర్లతోని తగువు వడ్డడు. దోమలు, మలేరియా అని చెప్పి ఊరి చెరువులను పూడ్చేద్దాం అన్నరు వాళ్లు. దోమ పిల్లలను తినే చేపలు, బాతులు పెంచండి, గట్టు బాగుజేయండి, చెరువు చుట్టు తోట వెయ్యండి అన్నడు ఈయన. వానొస్తే నీళ్లు నిలిచే కాడ, ఎండొస్తే గాలి సల్లబడే కాడ మన్ను పోసుడేంది? నూరేండ్లు దాటింది ఈ మాటకు. 2020 అక్టోబర్‌ల మన పట్నంల కాలనీలు మునిగినప్పుడు, నీళ్లు వచ్చి నిలవడ్డయి చానా వరకు ఒకప్పటి చెరువుల్లనే, కుంటల్లనే.

ఊరు పెరుగుడు ఒద్దని మాత్రం గెడెస్ ఎన్నడూ అనలేదు. ఇందోర్‌కు ఆయన రాసిన 1918 రిపోర్టుల కొత్త వాడలు, మిల్లు కూలోళ్ల కోసం కొత్త ఇండ్లు, తోటలు ఉన్నయ్. ఆయన పెట్టిన షరతు ఒక్కటే: కొత్త ఇల్లు ముందు కట్టు, పాత ఇల్లు తర్వాత ముట్టు. ఆ వరుస తిరగబడితే అది ప్లాన్ గాదు, గెదిమేసుడు.

ఇందోర్ దీపావళి

ఇందోర్ ముచ్చట చెప్పకుంటే గెడెస్ కథ పూర్తికాదు. అది 1917. ఊర్ల ప్లేగు భయం. నక్షా వట్టుకొని గల్లీల తిరిగే ముసలి దొరను జూసి, ప్లేగును తెచ్చేది ఈయననే అని జనం గుసగుసలు వెట్టిన్రు. తిరిగేటోడు ఇండ్లు కూలగొట్టనీకే తిరుగుతడని జనానికి అనుభవం మరి. గెడెస్‌కు కోపం రాలేదు. హోల్కర్ రాజు దగ్గరికి పోయి, ఒక్కరోజు నన్ను రాజును జెయ్యమని అడిగిండు. రాజు ఒప్పుకున్నడు.

ఊరంత చాటింపు వేయించిండు. ఈసారి దీపావళి ఊరేగింపు ఎప్పటి తొవ్వల పోదు. ఏ వాడోళ్లు తమ గల్లీని, ఇండ్లను బాగ సాఫ్ జేసుకుంటరో ఆ వాడకెల్లే పోతది. హిందువుల పేట, ముస్లింల పేట అన్న తేడా లేదు. ఇంకేంది, వాడ వాడ పోటీ వడ్డది. ఊడుసుడు, సున్నమేసుడు, బండ్ల కొద్ది చెత్త ఎత్తిపోసుడు. పండుగ నాడు ఊరేగింపుల ఏనుగులు, గుర్రాలు, పంటల దేవతలు పోయినయ్. మురికిని రావణుని లెక్క పెద్ద బొమ్మ జేసిన్రు. ప్లేగును మోసుకొచ్చే ఎలుకను ఇంకో పెద్ద బొమ్మ జేసిన్రు. చివరికి రెండింటినీ కాలవెట్టిన్రు. ఊరు ఊడ్చే సఫాయి కార్మికులు తెల్లటి కొత్త బట్టలు కట్టుకొని, పూలదండలేసుకొని, రంగులేసిన బండ్లతోని ఊరి నడిబజార్ల నడిచిన్రు. ఇంటింటికి పెట్టుకొమ్మని తులసి మొక్కలు, నారు పంచిన్రు.

సర్కారు జబర్దస్తీ జేస్తే తలుపులు మూసుకునే జనం, మర్యాద ఇచ్చి అడిగితే ఊరంత కడిగిన్రు.

పోయినోళ్లు, మిగిలిన పని

అదే 1917 ఆయనకు చానా కష్టమైన ఏడు. పెద్దకొడుకు అలస్డెయిర్ ఏప్రిల్‌ల ఫ్రాన్స్ యుద్ధంల సచ్చిపోయిండు. అదే టైముకు భార్య ఆనా మనదేశంలనే జ్వరంతోని మంచం వట్టింది. కొడుకు పోయిన ముచ్చట ఆమెకు చెప్పలేక కడుపుల దాచుకున్నడు. జూన్‌ల ఆమె కన్నుమూసింది, కొడుకు బతికే ఉన్నడనుకుంటనే. ఇందోర్ దీపావళి జరిగింది ఈ రెండు చావుల తర్వాత కొన్ని నెలలకే. అంత దుఃఖంల ఆయన ఊరందరి పండుగకు తొవ్వ గీసిండు.

1919 నుంచి 1924 దాక బొంబాయి యూనివర్సిటీల సమాజశాస్త్రం, పౌరశాస్త్రం ప్రొఫెసర్‌గ పనిజేసిండు. మన సమాజశాస్త్రంల పెద్దపేరున్న జీ.ఎస్. ఘుర్యే ఆయన దగ్గర సదువుకున్నోడే. జగదీశ్ చంద్రబోస్ జీవితం మీద 1920ల పుస్తకం రాసిండు. రవీంద్రనాథ్ ఠాగూర్‌తోని దోస్తానా, ఉత్తరాలు. మొత్తం మీద మనదేశంల సుమారు 50 ఊర్లకు రిపోర్టులు రాసిండు: మదురై, లక్నో, లాహోర్, ఢాకా, బరోడా, పటియాలా... హైదరాబాద్ పని ఈ చివరి ఏండ్లల్లనే. 1925ల టెల్ అవీవ్‌కు ప్లాన్ గీసిండు. ఆరోగ్యం బాగలేక ఫ్రాన్స్‌ల మోంట్‌పెలియే కాడ స్థిరపడి ఆడ సుత ఒక కాలేజీ కట్టుడు షురు జేసిండు. 1932ల సర్ బిరుదు తీసుకున్నడు. అదే ఏడు ఏప్రిల్ 17న పానం ఇడిసిండు. మన ఆర్ట్స్ కాలేజీ బిల్డింగు 1939ల తయారైంది. ఆయన జూడలేదు.

దేవుని చేయనక్కర లేదు

ఇంత చెప్పిన అని గెడెస్‌ను పటం గట్టి పూజ చెయ్యాలని అంటలేను. ఆయనను పిలిచింది తెల్లదొరల సర్కారు, సంస్థానాల రాజులు. వాళ్ల పైసలతోనే తిరిగిండు. రిపోర్టులు చానా వరకు అల్మారిల దుమ్ము వట్టినయ్, ఎందుకంటే అమలు జేసే అధికారం ఊరి జనం చేతుల లేకుండె. ఇందోర్‌ల సఫాయి కార్మికులకు పూలదండలు వడ్డయ్ గని, తెల్లారి చీపురు మల్ల వాళ్ల చేతులకే వచ్చింది. వాడలను కులం గీసిన గీతలను ఆయన గట్టిగ ప్రశ్నించలేదు. పాలస్తీనాల ఆయన పనిజేసింది బ్రిటిష్ పాలన కింద, జియోనిస్టు సంస్థల కోసం. ఆ జాగ ఎవలది అన్న కొట్లాట నెత్తురు ఇంకా ఆరలేదు.

ఇవన్ని యాది పెట్టుకోవాలె. జనాన్ని అడుగుడు ఒక మంచి దొర దయ మీద ఆధారపడి ఉండొద్దు. అది మన హక్కు కావాలె. గెడెస్ కాలంల లేనిది, మనకు ఇప్పుడు ఉన్నది అదే: ఓటు, చట్టం, కోర్టు.

మన నక్షా, మన ప్రశ్నలు

2025 మార్చి చివర్ల కంచ గచ్చిబౌలి 400 ఎకరాల మీదికి రాత్రీపగలు జేసీబీలు వచ్చినయ్. సెంట్రల్ యూనివర్సిటీ పిల్లలు అడ్డం పోయిన్రు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమన్నది. జాగ సర్కారుదా, యూనివర్సిటీదా అనే దాని మీదనే వాదన అంత నడిచింది. ఆ జాగల ఏమున్నది, ఎన్ని చెట్లు, ఏ గుండ్లు, ఏ కుంటలు, వాన నీళ్లు ఎటు పోతయ్ అని లెక్క తీసే పని జేసీబీ కంటే ముందు రావాలె. మన కాడ అది కోర్టు అడిగినంక వస్తది.

చేవెళ్ల తొవ్వ జూడండి. హైదరాబాద్ నుంచి బీజాపూర్ పోయే రోడ్డుకు రెండు దిక్కుల సుమారు 900 మర్రిచెట్లు. ఆ ఇరుకు రోడ్డు మీద యాక్సిడెంట్లు అయితున్నయ్, మంది సస్తున్నరు. ఆ ఊర్లోళ్లు రోడ్డు వెడల్పు కావాలె అంటే తప్పు పట్టనీకి మనమెవలం? చెట్లు కావాలె అనేటోళ్లదీ తప్పుగాదు. రెండు దిక్కులోళ్లను కొట్లాటకు పెట్టి ఏండ్లకేండ్లు నాన్చుడే అసలు తప్పు. గెడెస్ ఉంటే ఆ తొవ్వంట నడిచేటోడు. ఏ చెట్టు కాడ రోడ్డు పక్కకు జరగొచ్చు, యాడ మర్రిచెట్లను నడుమ ఉంచి అటొక తొవ్వ ఇటొక తొవ్వ తియ్యొచ్చు, యాడ తప్పనిసరిగ కొన్ని పోతయ్ అని ఒక్కో చెట్టుకు లెక్క రాసేటోడు. ఆ పని మొదటి ఏడే అయితే మనుషులూ బతుకుతుండె, చెట్లూ బతుకుతుండె.

ఇగ జోన్ల ముచ్చట. గండిపేట, హిమాయత్‌సాగర్ చుట్టు 10 కిలోమీటర్ల దాక 84 ఊర్లల్ల పెద్ద కట్టడాలు కట్టొద్దని 1996ల 111 జీవో తెచ్చిన్రు. 2022ల 69 జీవోతోని ఆ అడ్డు తీసేసిన్రు. పాతికేండ్లు తమ భూమికి ధర రాక ఆ ఊర్ల చిన్న రైతు నష్టపోయిండు, అది నిజం. అడ్డు తీసేనాటికి అందుల చానా భూమి పట్నం పెద్దల ఫామ్‌హౌసులైంది, అదీ నిజమే. చెరువులు కాపాడిన రైతుకు పైసలిచ్చి కాపాడే తొవ్వ ఒకటి ఉండాలె. దాన్ని ఎవలూ లెక్క గట్టలేదు. కట్టొద్దు అనుడు, అంత కట్టుకోండి అనుడు, ఈ రెండే మన సర్కార్లకు తెల్సిన మందులు.

జోన్ మార్చాలంటే నోటిఫికేషన్ ఇయ్యాలె, జనం అభ్యంతరాలు తీసుకోవాలె. అది పేపర్ల ఒక మూలకు వస్తది, ఎవలూ జూడరు. చెట్టు కొట్టాలంటే 2002 వాల్టా చట్టం కింద పర్మిషన్ కావాలె. అది సుత ఎవలూ అడగరు. ఇప్పటి నుంచి అడుగుదాం. కాలనీ సంఘం అయినా, బస్తీ కమిటీ అయినా, గ్రామసభ అయినా నాలుగు ప్రశ్నలు కాగితం మీద రాసి సంతకాలు వెట్టి ఇద్దాం.

ఒకటి: గీత గీసే ముందు ఈ వాడ ఎవలు తిరిగిన్రు? ఇంటింటి లెక్క, చెట్టు చెట్టు లెక్క, కుంటల, నాలాల లెక్క యాడ ఉన్నది?

రెండు: ఇంకో తొవ్వ గీసి జూసిన్రా? రెండింటి ఖర్చు పక్కపక్కన చూపెట్టండి.

మూడు: ఇల్లు పోయేటోళ్లకు కొత్త ఇల్లు తయారైందా? బడి, పని, దవాఖాన దాని దగ్గర ఉన్నయా?

నాలుగు: జోన్ మారితే ధర పెరుగుతది. ఆ పెరిగిన పైసలల్ల వాడకు ఎంత, చెరువుకు ఎంత, కొన్నోనికి ఎంత?

ఈ నాలుగింటికి సక్కటి జవాబు ఉన్న కాడ రోడ్డు పడనీ, బిల్డింగు లేవనీ. మనమే ముంగట నిలవడి తొవ్వ సూపుదాం. జవాబు లేని కాడ మాత్రం ఆ ఎర్రగీత చెరిపి, గీసినాయనను ముందుగాల గల్లీ తిరిగి రమ్మని చెప్దాం.